తాత మూసిన చిల్లు

ముందే ఒప్పుకుంటే నవ్వేవాళ్లు కాస్త మొహమాటపడతారన్న ఆశతో చెబుతున్నాను: మా ఇంట్లో దోసెల పిండి రుబ్బే యంత్రానికి ఊపిరాడకుండా చేసిన మొనగాణ్ణి నేనే. బొంబాయి కామాటిపురలో మా గల్లీలో చాలా ఇళ్లకు పొద్దుటి ఇడ్లీ, దోసె మా ఆవిడ సుశీల రుబ్బిచ్చే పిండితోనే అవుతాయి. మా ఒంటిగది ఖోలీలో తలుపు తీయగానే ఎదురయ్యేది ఆ యంత్రమే, మనుషులం దాని వెనకాల సర్దుకున్నాం. పైన రాయి, కింద మోటారు, రెంటికీ నడుమ చెంబంత గేర్ బాక్స్. ఈ వానాకాలంలో ఒకనాడు దాని కింద నల్లటి నూనె చుక్క కనిపించింది. చుక్క పిండిలో పడలేదు, నేల మీదే పడింది. సుశీల చూపు మాత్రం నా మీద పడింది.

జీవితమంతా ఒక ప్రెస్సులో అచ్చుతప్పులు దిద్ది రిటైరైనవాణ్ణి. తప్పు ఎక్కడుందో నాకు ఇట్టే దొరుకుతుందనీ, దొరికాక దిద్దడం చిటికెలో పని అనీ నాకు గట్టి నమ్మకం. తిరిగే ఇరుసు గేర్ బాక్స్ లోంచి బయటికి వచ్చే చోట, లోపలి నూనె దాని వెంటపడి రాకుండా ఇరుసు మెడ పట్టుకుని ఉండే రబ్బరు కట్టు ఒకటుంటుంది. దాన్నే ఆయిల్ సీల్ అంటారు. అది అరిగిపోయిందని తేల్చాను. నాగ్‌దేవి బజారుకు పోయి కొత్తది తెచ్చి, పాతది ఊడబెరికి, చెక్కముక్క అడ్డం పెట్టి సుత్తితో తట్టి కూర్చోబెట్టాను. కారింది. ఇంకొకటి తెచ్చాను, అదీ కారింది. అప్పుడు నాలో ఏ పూర్వీకుడు నిద్రలేచాడో గానీ, బూడిదరంగు గమ్ము ట్యూబు కొనుక్కొచ్చి అతుకు కనిపించిన చోటల్లా, సందు కనిపించిన చోటల్లా పూసేశాను. గేర్ బాక్స్ నెత్తి మీద సూది దూరేంత రంధ్రమున్న ఇత్తడి బొడిపె ఒకటి కనిపిస్తే దానికీ దయతో ఇంత పూశాను. మర్నాడు యంత్రం వేడెక్కగానే నూనె చుక్కలుగా రావడం మానేసి గీతలా వచ్చింది.

గేర్ ఆయిల్ వాసన తెలియనివాళ్లకు ఎలా చెప్పను? వెల్లుల్లిపాయను రబ్బరు చెప్పులో చుట్టి కాల్చి, పక్కన ఒక కుళ్లిన గుడ్డు పగలగొడితే దగ్గరదగ్గరగా వస్తుంది. ఆ వాసన ఖోలీ అంతా నిండింది. సుశీల ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, యంత్రాన్నీ నన్నూ మార్చి మార్చి చూసి, "ఏందయ్యా, మళ్ల బిరడ పెట్టినవా?" అంది.

సీసా మూతికి కొట్టే బిరడా నా చిన్నప్పటి పేరు. బారసాలలో పెట్టింది కాదు, గల్లీ పెట్టింది. ఆ వాసనా ఆ పేరూ నాకు ఒకేసారి, ఒకే బతుకమ్మ పండుగకు వచ్చాయి.

అప్పటి మా గల్లీ వానలు వెనకబట్టే రోజుల్లో ఎలా ఉండేదంటే, వరస ఖోలీల చాల్ కప్పు మీద వేసిన నీలం తాడిపత్రీ పట్టాలు ఎండకు ఆరి ఫెళఫెళమని చప్పుడు చేస్తుంటే, కింద వరసగా ఒక్కో తలుపు లోంచీ జొన్నరొట్టె తట్టే చేతుల చప్పుడు దానికి తాళం వేసేది. పక్క చాల్ మరాఠీ వాళ్లు ఎండబెట్టిన బొంబిల్ చేప వాసనా, మా వాళ్లు వేయించే నువ్వుల వాసనా మెట్ల దగ్గర కలుసుకుని ఒకరికొకరు దారి ఇచ్చుకోక నిలబడిపోయేవి. పొద్దున్నే మగవాళ్లు తాపీలూ గమేళా తట్టలూ పట్టుకుని గ్రాంట్ రోడ్ స్టేషన్ వైపు పోయేవాళ్లు. సాయంత్రం సిమెంటు పూసుకుని అందరూ ఒకే రంగుకు వచ్చి తిరిగొచ్చేవాళ్లు, నల్లా దగ్గర కడుక్కున్నాక గానీ ఎవరు ఎవరో తెలిసేది కాదు. మేం పిల్లలం బడిలో మరాఠీ, గల్లీలో హిందీ, ఇంట్లో పాలమూరు తెలుగు మాట్లాడి, తిట్లకు మాత్రం మూడింటిలోంచీ మంచివి ఏరుకునేవాళ్లం.

మా తాత మేస్త్రీ. అది ఆయన పనే కాదు, పేరు కూడా. అసలు పేరు మా నాయినమ్మకైనా గుర్తుందో లేదో. ఆయన చేతి సున్నం పని గల్లీలో సామెతంత మాట. సున్నపు గడ్డలు నీళ్లలో చల్లార్చి, బట్టలో వడగట్టి, కరక్కాయలు నానిన పచ్చటి నీళ్లూ, బెల్లం కరిగిన నీళ్లూ పోసి, నూరి నూరి వెన్న చేసేవాడు. నాలిక చివర అంటించుకుని రుచి చూసి, "ఇంకింత బెల్లం బడాలె" అని పాయసం గురించి చెప్పినట్టు చెప్పేవాడు. ఆ పూత ఆరితే కత్తిమొన దిగదు, నీటిబొట్టు దూరదు. పని అయ్యాక తాపీ మొనతో ఒక మూల పిచ్చుక అడుగులాంటి మూడు గీతలు గీసేవాడు. అదే ఆయన సంతకం. బొంబాయిలో ఎన్ని డాబాల మీద ఆ పిచ్చుక వాలి ఉందో లెక్క లేదు.

అట్లాంటివాడికి చిల్లు అంటే ఎంత పగో ఊహించుకోండి. ఎలుక కన్నమైనా, మేకు ఊడిన గుంటైనా ఆయన కంటపడితే పూడ్చాల్సిందే. మా ఖోలీలో అటక మీది గోడకు కట్టినప్పుడే వదిలిన గాలి కంత ఒకటుండేదట. వానజల్లు లోపలికి కొడుతోందని దాన్నీ మూసి, మీద పిచ్చుకను వాలించాడు. వేసవిలో ఉక్కకు మేమంతా వరసగా మెట్ల మీద కూర్చుని విసనకర్రలు ఊపుకుంటుంటే, తాత లోపల చెమటలో ఈదుతూ, "సూడు, ఒక్క సుక్కన్న కారుతున్నదా గోడ?" అని మురిసేవాడు. కారేదంతా ఆయన ఒంటి మీదే.

ఈయన కొడుకు, అంటే మా నాయిన, తాపీ పట్టనని చెప్పి నలుపూ పసుపూ టాక్సీ ఎక్కాడు. "నేను ఇండ్లు కడితి, వీడు ఇండ్లు దింపుతున్నడు," అని తాత గొణిగేవాడు, ప్యాసింజర్లను ఇళ్ల దగ్గర దింపడాన్ని ఉద్దేశించి. నాయిన తక్కువవాడా? "నువ్వు కట్టిన ఇండ్లు యాడున్నయో ఎతికి దింపాలె గద నాయినా," అనేవాడు. ఆ టాక్సీ మా చాల్ ముందు, కుళాయి చుట్టూ కట్టిన నల్లా గద్దె దాటగానే గల్లీ కాస్త కడుపు ఉబ్బించుకున్నట్టు వెడల్పయ్యే చోట నిలబడేది. గల్లీ మొత్తానికి వెడల్పన్నది అదొక్కటే. మా గోలీలాటా అక్కడే, సిర్రగోనె ఆటా అక్కడే, పెళ్లి పందిరీ అక్కడే, బతుకమ్మా అక్కడే. మా అమ్మ పాలమూరు నుంచి కోడలిగా వచ్చిన ఏడు, రైలు దిగిన బెరుకు ఇంకా తీరకముందే, ఆ చోటే మొదటిసారి గొంతెత్తి పాట అందుకుందట. మర్నాటి నుంచి ఆమెను గల్లీలో ఎవరూ కొత్త కోడలు అనలేదట. అందుకే ఆ జానెడు నేల అంటే అమ్మకు ఒక లెక్క.

ఆ నేల మీదే టాక్సీ కారడం మొదలుపెట్టింది. పేరే కారు, కారకపోతే ఎట్ల అని నేను బడిలో చమత్కరించి మాస్తర్ చేత గోడకుర్చీ కూడా వేయించుకున్నాను. గేర్ బాక్స్ తోక దగ్గర, వెనక చక్రాలకు పోయే ఇరుసు బయటికి వచ్చే చోట, పొద్దున నాయిన బండి తీసేసరికి చేటంత మరక. అమ్మ బూడిద వేసి, సోడా వేసి, కొబ్బరి పీచుతో రుద్ది కడిగేది. సాయంత్రం బండి వచ్చి నిలబడితే మళ్లీ మరక. బండిని రోడ్డు మీద పెట్టి చూశాడు నాయిన. మర్నాటికి దాని వైపర్లు ఎవరి బండికో పోయాయి. మళ్లీ ఇంటికే తెచ్చాడు.

బతుకమ్మ పండుగ దగ్గర పడుతోంది. గల్లీ ఆడవాళ్లందరికీ పాటకు ముందుండేది రాజవ్వ. ఆమె కట్టె పట్టుకుని నడిచేది గానీ ఆనుకోవడానికి కాదు, చూపించడానికి. ఒక సాయంత్రం వచ్చి ఆ కట్టెతో మరక చుట్టూ ఒక గీత గీసింది.

"ఇగో లచ్చిమీ," అంది మా అమ్మతో, "గీ కంపు మీద బతుకమ్మను పెడ్తమా? తల్లి ముక్కు మూసుకోదా? సద్దుల నాటికి నేల ఎండితే ఎండింది. ఎండకపోతే ఈసారి పక్క గల్లీల పెట్టుకుంటం. ఆళ్లు రమ్మనే అంటున్నరు."

"అట్లనకు అవ్వా, జేపిస్తున్నం గద," అంది అమ్మ. అంటూనే మరక మీద ఇంకో గుప్పెడు బూడిద చల్లింది. పక్క గల్లీకి పోయిన పండుగ మరుసటేడు తిరిగొస్తుందన్న నమ్మకం ఏముంది? అక్కడి నేల వెడల్పు, పైగా వాళ్లకు కరెంటు దీపాలు కూడా ఉన్నాయి. నాకు నా బాధ వేరే: ప్రతి ఏడూ మా బతుకమ్మను మా వెనక నిలబడి మెడలు సాచి చూసే ఆ గల్లీ పిల్లలు, ఈసారి ముందు నిలబడి మమ్మల్ని వెనక్కి నెడతారు. అది బతుకేనా!

నాయిన బండిని ఫోరస్ రోడ్ మీద రేకుల షెడ్డులో ఉండే మల్లయ్య దగ్గరికి తోలాడు. ఈ మల్లయ్య కూడా మా వాడే, కామాటి బిడ్డే. తాపీ వదిలి పానా పట్టాడు. తనకు తానే ఉస్తాద్ అని పేరు పెట్టుకుని, ఎవరైనా ఒట్టి మల్లయ్య అంటే పలికేవాడు కాదు. పని ఒక వంతు, దాని గొప్ప మూడు వంతులు చెప్పేవాడు. "బొంబై గవర్నర్ బండి తెచ్చినా ముందుగాల నా దగ్గరికే రావాలె," అని సీల్ మార్చాడు. కారింది. "గది డుప్లికేట్ మాల్," అని ఇంకొకటి వేశాడు. కొన్నాళ్లకు అదీ కారింది.

అప్పుడు రంగంలోకి దిగాడు తాత. నాయిన భోజనానికి వచ్చిన ఒక మధ్యాహ్నం బండి చుట్టూ మెల్లగా తిరిగి, వంగి చూసి, పిడికిలితో అక్కడా ఇక్కడా గోడను తట్టినట్టు తట్టి చెవి పెట్టి విన్నాడు.

"నీకూ నీ ఉస్తాద్‌కూ బుద్ధి లేదుర. సత్తు కారుతుంటే కింద బకీటు పెట్టి కూసుంటరా, మీదికెక్కి సూస్తరా? కారేకాడ ఏముంటది? దూరేకాడ సూడాలె."

"ఇది సత్తు గాదు నాయినా, గేర్ బాక్సు," అన్నాడు నాయిన చేయి కడుక్కుంటూ.

"అన్నీ సత్తులే. మీదికెల్లి నీళ్లు దూరుతయ్, లోపలున్నదాన్ని బయిటికి నూకుతయ్."

సత్తు అంటే ఇంటి పైకప్పు. న్యాయంగా చెప్పాలంటే, ఇళ్ల విషయంలో ఆ మాటకు తిరుగులేదు. డాబా మీద ఎక్కడో పడిన పగులు, కింద ఇంకెక్కడో గోడ మీద తడిగా కనిపిస్తుంది. ఆ తడి దగ్గర ఎన్ని పూతలు పూసినా దండగే. ఆయన జీవితమంతా నిజమైన ఆ న్యాయాన్ని పట్టుకుని, నాయిన కునుకు తీస్తుండగా, డ్రైవరు కాళ్ల దగ్గరి రేకు మూత ఎత్తి గేర్ బాక్స్ నెత్తి చూశాడు. అక్కడ దొరికింది శత్రువు: ఒక బొడిపె, దానికి సన్నటి చిల్లు. తాత మొహం వెలిగింది. ఇన్ని వానల నీళ్లూ ఇందులోంచే దిగి నూనెను తోక దగ్గరికి తోస్తున్నాయన్నమాట! వెంటనే నన్ను బెల్లానికి పంపాడు. నేను తెచ్చిన బెల్లంలో పావు వంతు దారిలోనే నా కడుపులోకి దిగింది గానీ ఆ కథ వేరు. ఇనుము జిడ్డు పోయేదాకా బూడిదతో తోమి, సున్నమూ కరక్కాయా బెల్లమూ వెన్నలా నూరి, బియ్యపు గింజంత ఆ చిల్లు మీద చిన్న గోపురం కట్టాడు. బొటనవేలితో నున్నగా నిమిరి నిమిరి మెరిపించాడు. అలవాటు పడిన చేయి కదా, చివరికి సూదితో ఆ గోపురం మీద కూడా మూడు గీతలు గీసింది.

"మీ నాయినకు చెప్పకు. ఎండినంక ఆనికే తెలుస్తది," అన్నాడు.

నాయినకు ముందు తెలిసింది చీమల వల్ల. బెల్లం వాసన ఎలా తెలిసిందో, గల్లీలోని ఎర్ర చీమలన్నీ నల్లా గద్దె మీదుగా బారులు తీరి టాక్సీ ఎక్కాయి. మీటరు పడకుండా ఊరంతా తిరిగిన ప్యాసింజర్లు అవే. మర్నాడు చర్నీ రోడ్ దగ్గర ఒక పెద్దమనిషి బండి ఆగకముందే తలుపు తీసుకుని దూకి, ఫుట్‌పాత్ మీద పంచె దులుపుకుంటూ నాట్యం చేశాడని నాయిన చెబుతుంటే అమ్మ నవ్వలేక కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. బండి కింద నూనె ఇప్పుడు చుక్కలుగా కాదు, ధారగా వస్తోంది. చేటంత మరక చాపంత అయింది. రాజవ్వ కట్టె గీసిన గీతను నూనె దాటేసింది. పక్క గల్లీ వాళ్లు అప్పుడే వాళ్ల నేల అలుకుతున్నారని కబురొచ్చింది.

పండుగ ఆఖరి నాడైన సద్దుల బతుకమ్మకు ముందు రోజు మల్లయ్య తన పెట్టె మోసుకుని మా గల్లీకే వచ్చాడు. పాలమూరు బస్సులో ఎవరి చేతో పంపిన తంగేడు పూల మూట, రైలు పట్టాల పక్కన మేం పిల్లలం కోసుకొచ్చిన గునుగు పూలు, దాదర్ నుంచి తెచ్చిన బంతులు, అన్నీ మెట్ల మీద కుప్పలుగా పోసి ఆడవాళ్లు కాడలు తుంచుతున్నారు, గునుగుకు రంగులద్దుతున్నారు. చేతులు పూల మీద, చూపులు టాక్సీ మీద. పని నుంచి వచ్చిన మేస్త్రీలు, కూలీలు గుండ్రంగా చేరారు. తాత కూడా వచ్చి, ఏమీ ఎరగనట్టు నల్లా గద్దె మీద కూర్చుని బీడీ ముట్టించాడు.

మల్లయ్య బండి కిందికి దూరి, గేర్ బాక్స్‌లో నూనె పోసే మర విప్పాడు. విప్పీ విప్పకముందే 'ఫుస్స్' మని గాలి బుసకొట్టి, నూనె ఆయన మొహమంతా చిమ్మింది. బయటికొచ్చిన ఉస్తాద్‌ను చూసి పిల్లలం నవ్వితే, రెండు కళ్లు మాత్రం తెల్లగా మెరిపిస్తూ అరిచాడు.

"అరె, దీని ఊపిరి ఎవడు బంద్ జేసిండ్రా? నడుస్తుంటే లోపల గాలి గరమైతది, ఎల్లనీకె మీద సందు బెట్టిర్రు. గది మూస్తే గాలి యాడికి పోవాలె? నా సీలునే నూకి ఎల్తది!"

రేకు మూత ఎత్తి, సన్నటి ఉలితో చాలాసేపు గోకి గోకి, చివరకు తెల్లటి ముక్క ఒకటి ఊడదీసి అరచేతిలో పెట్టుకుని చూపించాడు. పసిపిల్లల పాలపన్నులా ఉంది, నున్నగా, మెరుస్తూ. చుట్టూ ఉన్నవాళ్లంతా సున్నంలో పుట్టి సున్నంలో పెరిగినవాళ్లు. ఒకరి చేతిలోంచి ఒకరి చేతికి పోయింది ఆ ముక్క. ప్రతివాడూ వెలుతురుకు ఎత్తి చూశాడు, దాని మీది మూడు గీతలను గోటితో తడిమాడు, గొంతు సవరించుకున్నాడు, పక్కవాడికి ఇచ్చాడు. ఎవరూ నల్లా గద్దె వైపు చూడలేదు. అంతమంది కలిసి ఒక వైపు చూడకుండా ఉండడం నేను మళ్లీ ఎన్నడూ చూడలేదు.

ముక్క చివరకు తాత చేతికి వచ్చింది. ఆయన దాన్ని తిప్పి చూసి, బీడీ పొగ వదిలి, నా వైపు చూశాడు.

"పోరలు మట్టితోని ఆడుకుంటరు గద," అన్నాడు. "ఏం జేస్తం!"

నేను నోరు తెరిచాను. తెరిచిన నోట్లోంచి మాట వచ్చేలోపు అమ్మ రొట్టె మలీద ముద్దలకు కొడుతున్న బెల్లంలోంచి ఒక పెద్ద ముక్క తీసి అందులో పెట్టేసింది. ఆ పండుగకు మా ఇంట్లో బెల్లంతో మూసినవి రెండు: ఒకటి గేర్ బాక్స్, రెండోది నేను.

"అవునవును," అంది రాజవ్వ, పూల మీంచి తల ఎత్తకుండానే. "ఎంత నున్నగ రుద్దిండే పోరడు! రేపటికెల్లి పనికి తోల్కపో మేస్త్రీ, నీ పేరు నిలబెడ్తడు. బిరడ కొట్టుడుల నిన్ను మించిండు."

గల్లీ గల్లీ అంతా ఒక్కసారి దగ్గింది. ఆ దగ్గుల్లో నా పేరు ఖాయమైపోయింది. నేనొక్కడినే నిజం తెలిసినవాణ్ణని ఎన్నో ఏళ్లు కుమిలాను. వాళ్ల ఇళ్ల గోడలన్నిటి మీదా ఆ పిచ్చుక వాలి ఉందనీ, నిజం అందరికీ తెలిసే ఆ ముసలి చేతిని కాపాడేందుకు ఒక పిల్లవాడి పేరు వాడుకున్నారనీ అర్థమయ్యేసరికి నా తల నెరిసింది.

ఊపిరి దొరికింది గానీ, సీల్ ఎందుకు ఆగడం లేదన్నది ఇంకా మిగిలే ఉంది. చిల్లు మూయకముందు కూడా కారింది కదా. మల్లయ్య ఇరుసు విప్పి గుడ్డతో తుడిచి వెలుతురులో పట్టుకుని, దాని మీద ఉపన్యాసం మొదలుపెట్టాడు. చాయ్ తెచ్చిన అమ్మ ఆగి, ఇరుసు మెడను ఒకసారి చూసి, గోటితో అడ్డంగా గీరింది. గోరు ఒకచోట టక్కున ఆగింది.

"నా యేలు తీర్గనే ఉన్నది," అంది.

ఆ పండుగకే అమ్మ అరిగిన పాత మెట్టెలు తీసి కొత్తవి తొడుక్కుంది. కాలివేలి మీద పాత మెట్టె కూర్చున్న చోట చుట్టూ గుంట పడి ఉంది. కొత్తది ఆ గుంటలో వదులుగా ఆడుతుంటే కొంచెం ముందుకు జరిపి పెట్టుకుంది. ఇరుసుదీ అదే కథ. మెత్తటి రబ్బరు ఏళ్ల తరబడి ఒకేచోట రాసి రాసి గట్టి ఉక్కుకే గాడి పెట్టింది. ఎన్ని కొత్త సీళ్లు తెచ్చినా వాటి పెదవి ఆ గాడిలోనే పడుతోంది, సందులోంచి నూనె వస్తోంది.

"గదే! గదే జెప్పబోతున్న వదినా!" అన్నాడు మల్లయ్య, చెప్పబోని మనిషిలా కళ్లు పెద్దవి చేసి. "ఉస్తాద్‌ను చెప్పనిస్తరా ఎవలన్న?"

ఎవరు చెప్పినా, చేసిన చేయి ఆయనదే. సన్నటి గరుకు కాగితంతో ఇరుసును నునుపు చేసి, కొత్త సీల్‌ను ఈసారి అడుగుదాకా కొట్టకుండా, గాడిని తప్పించి, పెదవి అరగని చోట పడేలా కొంచెం ఇవతలే ఆపాడు. సుత్తి చెక్క మీద మెల్లగా తడుతూ, ప్రతి దెబ్బకూ ఊపిరి బిగబట్టాడు. గొప్పలు చెప్పని ఉస్తాద్‌ను గల్లీ చూసింది ఆ కాసేపే. నాయిన బండిని నాగ్‌పాడా దాకా తోలి వేడెక్కించి తెచ్చి నిలబెట్టాడు. రాజవ్వ తన తెల్లటి కొంగు కొస చింపి, ఆ పేలికను కట్టె చివరకు చుట్టి, బండి కింద నేల మీద ఆనించి ఉంచింది. పూలన్నీ పేర్చి, బతుకమ్మ అంచెలంచెలుగా లేచేదాకా అందరం పేలికనే చూశాం. తీస్తే అది తెల్లగా ఉంది.

"ఇగ జరుగుర్రి, జాగ కడగాలె," అంది రాజవ్వ. అంతే. చీపుర్లు, బకెట్లు, బూడిద, సోడా, ఎక్కడి నుంచి వచ్చాయో అంతమంది చేతులు. తాత కూడా పంచె ఎగ్గట్టి రాతి మీది జిడ్డును తాపీతో గీకాడు. మర్నాటి సాయంత్రం ఆ తడి ఆరిన నేల మీద ముగ్గు వేసి, మధ్యలో బతుకమ్మను నిలిపారు. అమ్మే పాట ఎత్తుకుంది. పక్క గల్లీ పిల్లలు ఎప్పటిలాగే మా వెనక నిలబడి మెడలు సాచారు. నువ్వుల సద్ది, కొబ్బరి సద్ది, పులుపు సద్ది చేతుల్లో పడ్డాక, తాత వచ్చి నా పక్కన కూర్చుని, తన వంతు మలీద ముద్ద నా దోసిట్లో పెట్టాడు. మేస్త్రీలకు ఒప్పుకోవడం కూడా చేత్తోనే వచ్చేది కాబోలు.

ఇప్పుడా టాక్సీలు లేవు. నల్లా గద్దె పగలగొట్టి పైపులేశారు, సిర్రగోనె ఆడే చోట మోటారు సైకిళ్లు నిద్రపోతున్నాయి, సున్నం నూరే రోలును ఎవరో మొక్కల కుండీ చేసుకున్నారు. సగం ఖోలీలకు కొత్త ఊళ్ల మనుషులొచ్చారు, పాలమూరు నుంచి వచ్చిన పిల్లలు కొందరు కూలీల నాకాలో ఇప్పటికీ పని కోసం నిలబడతారు. కానీ బతుకమ్మ మాత్రం ఆ కడుపు ఉబ్బిన చోటే నిలబడుతోంది. మా గల్లీ ఆడపిల్లలు పాటలు మరాఠీ అక్షరాల్లో ఫోన్లో రాసుకుని, చూసి పాడుతున్నారు. అచ్చుతప్పులు బోలెడు. నేను దిద్దబోతే రాజవ్వ మునిమనవరాలు శ్రావణి, "ఉండనీ తాతా, పాడుతున్నం గద," అంది. నిజమే, ఉండనిచ్చాను.

అన్నీ గుర్తొచ్చాక యంత్రం ముందు గొంతుక్కూర్చున్నాను. నెత్తి మీది బొడిపెకు పూసిన గమ్మును సూదితో తోడేశాను. అది హాయిగా ఊపిరి పీల్చుకుంది. ఇరుసు తుడిచి గోటితో గీరితే, గోరు టక్కున ఆగింది. కొత్త సీల్‌ను గాడికి ఇవతలే నిలిపాను. సుశీల రాయి తిప్పి, నేల మీద పాత తెల్ల చీర ముక్క పరిచి, పిండి అంతా రుబ్బడం అయ్యాక ఎత్తి చూసింది. తెల్లగా ఉంది.

ఆ ఊపులోనే ఉలీ సుత్తీ పట్టుకుని అటక ఎక్కాను. తాత మూసిన గాలి కంతను తవ్వడం మొదలుపెట్టాను. సున్నమూ కరక్కాయా బెల్లమూ కలిసి నన్ను ఏడిపించాయి; ఉలి మొన రెండుసార్లు వంగింది, నా నడుము ఒకసారి. చివరకు పిచ్చుక గుర్తున్న పెళ్ల ఊడి చేతికొచ్చింది. ఎప్పటినుంచో ఒక కాలు ఆనక ఊగుతున్న యంత్రం కింద దాన్ని పెడితే సరిగ్గా సరిపోయింది. గోడలోంచి సన్నగా వెలుతురు, వెనకే గాలి, గాలితో పాటు గల్లీ మాటలూ లోపలికొచ్చాయి.

పిండి కోసం గిన్నె పట్టుకుని వచ్చిన శ్రావణి మెడ ఎత్తి ఆ కంతను చూసి, "బాప్‌రే! ఎంత మంచి గాలి! ఇన్ని రోజులు ఎవలు బంద్ జేసిండ్రు తాతా దీన్ని?" అంది.

నేను ఉలి దులుపుకుంటూ, గోడ మీది తాత ఫోటో వైపు చూశాను.

"మా ఇంట్ల ఒక పోరడుండె బిడ్డా," అన్నాను. "మట్టితోని ఆడుకుంటుండె. ఏం జేస్తం!"

కొత్త గాలికి ఫోటో మేకు మీద అటూ ఇటూ ఊగింది. ఒప్పుకున్నట్టూ ఉంది, ఒప్పుకోనట్టూ ఉంది.